నూజివీడు దారులకు ఒక పందెం కావాలి

స్ట్రాబెర్రీ తోటల్లో పెరిగిన ఒక ఫ్రెంచి కుర్రాడు సైకిల్ మీద ప్రపంచాన్ని గెలిచాడు. రసాల సీమలో సైకిల్ తొక్కే పిల్లలకు పనికొచ్చే సంగతులు ఆ కథలో చాలా ఉన్నాయి.

హనుమాన్ జంక్షన్ దగ్గర జాతీయ రహదారి దిగి నూజివీడు వైపు తిరిగితే కాసేపటికే నేల రంగు మారుతుంది. వరిచేలు వెనకబడి ఎర్రనేలలు, మెరకలు, రోడ్డుకు రెండు పక్కలా మామిడి తోటలు మొదలవుతాయి. ఆగిరిపల్లి, ముసునూరు, చాట్రాయి, విస్సన్నపేట, ఎటు వెళ్లినా ఇదే తీరు. నూజివీడు ఒకప్పటి జమీందారీ ఊరు. నిన్నటిదాకా కృష్ణా జిల్లాలో ఉండి 2022 ఏప్రిల్‌లో ఏలూరు జిల్లాలో చేరింది. జిల్లా మారినా చిన్నరసం అనగానే జనం నోట వచ్చేది నూజివీడు పేరే.

ఏప్రిల్ నుంచి జూన్ దాకా ఇక్కడ ఎవరికీ తీరిక ఉండదు. తెల్లారకముందే కోత కూలీలు చిక్కాలతో తోటల్లోకి దిగుతారు. తొడిమ దగ్గర కారే సొన అంటితే కాయ మీద మచ్చ పడుతుంది, మచ్చ పడితే ధర పడిపోతుంది. బంగినపల్లి దూరప్రయాణాన్ని తట్టుకుంటుంది గానీ రసాలు అంతకాలం ఆగవు. కలెక్టర్ రకం కాయలు గుజ్జు ఫ్యాక్టరీల దారి పడతాయి. విజయవాడ దగ్గరి నున్న మామిడి మార్కెట్‌కు లోడు చేరేదాకా రైతు మనసు కుదుటపడదు.

ఈ దారుల్లో సైకిల్ ఎప్పుడూ పనిముట్టే. తోట కాపలాకూ కూలికీ బడికీ అదే ఆధారం. క్యారేజీకి గంప కట్టుకుని వీధి వీధీ తిరిగి పళ్లమ్మిన వాళ్లూ ఉన్నారు. 2017లో ‘బడికొస్తా’ పథకం కింద ప్రభుత్వ హైస్కూలు ఆడపిల్లలకు సైకిళ్లు అందాక ఊరి రోడ్ల మీద ఆడపిల్లలు జట్లుగా తొక్కుకుంటూ బడికి వెళ్లడం మామూలైంది. ఎండలో, ఎదురుగాలిలో, మెరక మీద రోజూ తొక్కే ఆ కాళ్లలో ఎంత సత్తువ ఉందో ఇంతవరకూ ఎవరూ గడియారం పెట్టి చూడలేదు.

పండ్ల తోట నుంచి పారిస్ దాకా

ఆ ఫ్రెంచి కుర్రాడు జాక్ ఆంక్‌తీల్ 1934లో ఉత్తర ఫ్రాన్సులోని నార్మండీలో పుట్టాడు. తండ్రి తాపీ పనివాడు. రెండో ప్రపంచ యుద్ధంలో ఆక్రమణదారులైన జర్మన్ల సైనిక కట్టడాలకు పనిచేయనన్నాడు. పని దొరక్క, బంధువుల బాటలో స్ట్రాబెర్రీ సాగుకు దిగాడు. నాలుగేళ్ల వయసులోనే కొడుక్కి సైకిల్ దొరికింది. పెద్దయ్యాక జాక్ ఫ్యాక్టరీలో చేరాడు. సైకిల్ సాధనకు సెలవివ్వనన్నారని ఆ పని నెల తిరక్కుండానే మానేసి తండ్రి తోటకే వచ్చేశాడు.

అతని అదృష్టమల్లా దగ్గర్లో ఒక సైకిల్ క్లబ్బు ఉండటం, అందులో ఆంద్రే బూషే అనే శిక్షకుడు ఉండటం. 18 ఏళ్లకు, 1952 హెల్సింకి ఒలింపిక్స్‌లో, జట్టు రోడ్డు పోటీలో కాంస్యం గెలిచాడు. 19 ఏళ్లకు ‘గ్రాం ప్రీ దె నాసియోఁ’ పందెం గెలిచి అందరినీ నివ్వెరపరిచాడు. గుంపులో దాక్కునే వీల్లేని పందెం అది. ఒక్కొక్కరినీ విడిగా వదులుతారు, తక్కువ సమయంలో ముగించినవాడే విజేత. ఆ పందేన్ని అతను మొత్తం తొమ్మిదిసార్లు గెలిచాడు.

రోడ్డు మీద గెలిచినవాడు ట్రాక్ మీదా నిలిచాడు. 1956లో మిలాన్‌లోని విగొరెల్లి వెలోడ్రోమ్ అనే సైకిల్ ట్రాక్ మీద గంటలో 46.159 కిలోమీటర్లు తొక్కి, ఇటలీ దిగ్గజం ఫౌస్తో కొప్పి 1942 నాటి రికార్డును చెరిపేశాడు. నూజివీడు నుంచి ఆగిరిపల్లి మీదుగా విజయవాడ రమారమి అంత దూరమే ఉంటుంది. 1957లో ఒకసారి, మళ్లీ 1961 నుంచి 1964 దాకా వరసగా నాలుగుసార్లు టూర్ ద ఫ్రాన్స్ గెలిచాడు. ఆ పోటీని ఐదుసార్లు గెలిచిన మొదటి మనిషి అతనే.

అతని కథలో మన పిల్లలకు చెప్పాల్సిన హెచ్చరిక కూడా ఉంది. ఉత్ప్రేరకాలు వాడతామని అతను బాహాటంగానే ఒప్పుకున్నాడు. 1967లో గంట రికార్డును మళ్లీ దాటినా, అక్కడికక్కడ మూత్ర పరీక్షకు ఒప్పుకోనందున ఆ రికార్డును గుర్తించలేదు. సాధన నేర్పే చోటే శుభ్రమైన ఆట కూడా నేర్పాలి. పందేలు మానేశాక అతను మళ్లీ పొలాన్నే నమ్ముకున్నాడు. 1987లో 53 ఏళ్లకే క్యాన్సర్‌తో పోయాడు.

కాళ్లున్నాయి, బాట వేయాలి

మనకూ వెలోడ్రోమ్ లేకపోలేదు. 2002 జాతీయ క్రీడల కోసం హైదరాబాదులో ఉస్మానియా విశ్వవిద్యాలయ ఆవరణలో కట్టారు. నూజివీడు పిల్లకు మాత్రం అది రెండొందల కిలోమీటర్ల పైమాటే. దూరం ఒక్కటే అడ్డంకి అనుకోనక్కర్లేదు. అండమాన్ నికోబార్ దీవుల కుర్రాడు ఎసో ఆల్బెన్ ఢిల్లీలో శిక్షణ పొంది 2018లో ప్రపంచ జూనియర్ ట్రాక్ పోటీల్లో రజతం తెచ్చాడు. 2022 ఆసియా ట్రాక్ పోటీల్లో మణిపూర్‌కు చెందిన రొనాల్డో సింగ్ స్ప్రింట్‌లో రజతం గెలిచాడు. చిన్నప్పుడే ఎవరో గుర్తించి, ట్రాక్ దాకా చేర్చబట్టే ఆ పతకాలు వచ్చాయి.

పిల్లల్ని గుర్తించి చేరదీయడం నూజివీడుకు కొత్త కాదు. 2008లో మొదలైన ఇక్కడి ట్రిపుల్ ఐటీ, పదో తరగతిలో మంచి మార్కులు తెచ్చుకున్న పల్లెటూరి పిల్లల్ని ఏరి తెచ్చి ఇంజినీర్లను చేస్తోంది. చదువులో ఫలించిన ఆ పద్ధతిని ఆటకు ఎందుకు వాడకూడదు?

మొదటి అడుగుకు కోట్లు అక్కర్లేదు. కోతలు ముగిశాక, చల్లటి ఆదివారం ఉదయం, రద్దీ లేని పది కిలోమీటర్ల రోడ్డు చాలు. నిమిషానికొకరిని వదలాలి. ఒక స్టాప్‌వాచ్, పేర్లు రాసుకోవడానికి ఒక వ్యాయామ ఉపాధ్యాయుడు, తలలకు హెల్మెట్లు, మలుపుల దగ్గర మనుషులు ఉండాలి. బడి సైకిలైనా సరే. ఆడపిల్లలకు విడిగా వరస ఉండాలి. ప్రతి ఏడూ అదే రోడ్డు మీద జరిపితే ఎవరు ఎదుగుతున్నారో కాగితమే చెబుతుంది. ఆ కాగితంలో ముందున్న పేర్లను ఉస్మానియా ట్రాక్‌కూ ఢిల్లీకీ పంపే బాధ్యత జిల్లా క్రీడాధికారులు తీసుకోవాలి. వచ్చే జూలైలో మొదలుపెట్టినా ఆలస్యం కాదు.