సర్వర్ నిండిపోతే ఏం చేయాలి?



ఈ హాస్టల్‌లో ఒకే గదిలో ట్రంకు పెట్టెలు పెట్టుకున్న ముగ్గురం మేము. ఒకరిది గద్వాల, ఒకరిది వనపర్తి, ఒకరిది నాగర్‌కర్నూల్. ఇప్పుడు ఎం.సి.ఎ. చదువుతున్నాం. మా ఇళ్లలో డిగ్రీ దాకా వచ్చిన మొదటివాళ్లం మేమే. కంప్యూటర్ కోర్సుల్లో చేరబోయే మీకు పనికొస్తుందని, ఒక రాత్రి మేము నేర్చుకున్న పాఠం రాస్తున్నాం.

ప్రాజెక్టులు అప్పగించడానికి ఒక రోజు ముందు మా ల్యాబ్‌లోని లినక్స్ సర్వర్ మొరాయించింది. ఎవరు ఏ ఫైలు సేవ్ చేయబోయినా డిస్కులో చోటు లేదంటోంది. ఆ వారం సర్వర్ చూసుకునే వంతు మాది. అందులో నలభై మంది ప్రాజెక్టులున్నాయి. "హాస్టల్ పిల్లలకు అప్పజెప్తే ఇంతే" అంటారేమోనని మా భయం.

సర్వర్ డిస్కును గదులుగా విభజిస్తారు. ఒక్కో గది ఒక పార్టిషన్. పక్క గదిలో చోటున్నా నిండిన గదికి అక్కరకు రాదు. అందుకే ముందు 'డీఎఫ్ -హెచ్' అనే ఆదేశంతో ఏది నిండిందో చూడాలి. మా 40 జీబీల రూట్ పార్టిషన్ 100 శాతం నిండింది. తర్వాత 'డీయూ' ఆదేశంతో ఏ ఫోల్డర్ ఎంత తింటోందో వెతికాం. కంగారులో మాలో ఒకరు పెద్దగా కనిపించిన మైఎస్‌క్యూఎల్ ఫోల్డర్‌ను తీసేయబోయారు. అది అందరి డేటాబేస్! చేయి పట్టుకుని ఆపాం. అసలు దోషి 'లాగ్' ఫోల్డర్‌లో దొరికింది. ఒక ప్రోగ్రాం ఒకే తప్పును పదే పదే రాసుకుంటూ 27 జీబీల ఫైలు తయారుచేసింది.

దాన్ని తొలగించాం. మళ్లీ చూస్తే 100 శాతమే!

కారణం హాస్టల్ భాషలో చెప్తాం. రిజిస్టర్‌లో పేరు కొట్టేసినంత మాత్రాన మంచం ఖాళీ కాదు, పడుకున్నవాడు లేచి వెళ్లాలి. లినక్స్‌లో ఫైలు తొలగిస్తే ముందు పోయేది పేరే. ఏదైనా ప్రోగ్రాం దాన్ని తెరిచి ఉంచినంతసేపు చోటు విడుదల కాదు. అలాంటి ఫైళ్లను 'ఎల్ఎస్ఓఎఫ్' చూపిస్తుంది. ఆ ప్రోగ్రాంను ఆపి మళ్లీ మొదలుపెట్టగానే సగానికి పైగా ఖాళీ అయింది. ఫైలును తొలగించకుండా 'ట్రంకేట్' ఆదేశంతో సున్నాకు తగ్గించి ఉంటే ఈ తిప్పలు ఉండేవి కావు.

మరికొన్ని సంగతులు:

1. ఉబుంటులో 'ఆప్ట్ క్లీన్' ఆదేశం ఇన్‌స్టాల్ కోసం దించుకున్న ప్యాకేజీల కాపీలను తీసేస్తుంది.

2. పాత కెర్నళ్లను చేత్తో తొలగించవద్దు. 'ఆప్ట్ ఆటోరిమూవ్' వాడాలి.

3. జీబీలు మిగిలి ఉన్నా చోటు లేదంటే 'డీఎఫ్ -ఐ' చూడండి. లెక్కలేనన్ని చిన్న ఫైళ్లతో ఐనోడ్లు అయిపోయి ఉండవచ్చు. అంటే మంచాలున్నాయి, రిజిస్టర్‌లో గీతలు అయిపోయాయి.

4. పై నుంచి వరద వస్తూనే ఉంటే జూరాల గేట్లు ఎత్తినా నీటిమట్టం దిగదు. తప్పు రాస్తున్న ప్రోగ్రాంను సరిచేయాలి. లాగ్ ఫైళ్లు హద్దు దాటకుండా 'లాగ్‌రొటేట్' అమర్చాలి.

అన్నిటికన్నా ముఖ్యం, ఏమిటో తెలియని ఫైలును తొలగించవద్దు. తెలియకపోతే అడగండి. అడగడానికి మేమూ చాలా రోజులు సిగ్గుపడ్డాం. మీరు పడకండి.

మర్నాడు నలభై ప్రాజెక్టులూ అందాయి.