నోటిఫికేషన్ కంటే ముందే తెలియాల్సిన నాలుగు అంకెలు

కిందటిసారి కటాఫ్ ఎంత అని అడిగితే మనం ఠక్కున చెప్పేస్తాం. మరి నీ హిమోగ్లోబిన్ ఎంత అంటే? చాలామంది నోరు వెళ్లబెడతారు.

మంచిర్యాల జిల్లాలో డిగ్రీ, బీటెక్ చదివేవాళ్ల చూపు ఎటు ఉంటుందో తెలిసిందే. సింగరేణి, రైల్వే, పోలీసు, ఆర్మీ. వీటిలో చాలా పోస్టులకు రాతపరీక్ష గట్టెక్కితే సరిపోదు. పరుగో, వైద్య పరీక్షో, రెండూనో దాటాలి. కరెంట్ అఫైర్స్ చివరి నెలలో చదివేయొచ్చేమోగానీ రక్తం, దమ్ము నెల రోజుల్లో రావు. అందుకే అప్లికేషన్ ఫీజు కట్టకముందే ఈ నాలుగు అంకెలు చూసుకోండి.

1. హిమోగ్లోబిన్

జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే (2019-21) ప్రకారం తెలంగాణలో 15-19 ఏళ్ల అమ్మాయిల్లో 64.7 శాతం మందికి రక్తహీనత ఉంది. అంటే ప్రతి ముగ్గురిలో దాదాపు ఇద్దరికి! అమ్మాయిలకు 12 గ్రాములు, అబ్బాయిలకు 13 గ్రాముల కంటే తగ్గితే రక్తహీనత కిందే లెక్క.

దీనికీ ఉద్యోగానికీ ఏం సంబంధం అంటారా? 2022 పోలీసు నోటిఫికేషన్‌లో మహిళలు 800 మీటర్లను 5 నిమిషాల 20 సెకన్లలో పరుగెత్తాలి. కండరాలకు ఆక్సిజన్ మోసుకెళ్లేది హిమోగ్లోబినే. రెండో రౌండుకే ఆయాసం వస్తే ప్రాక్టీసు చాలలేదనుకుంటాం. నిజానికి చాలనిది రక్తం కావచ్చు. ఒక్క పరీక్షతో తేలిపోతుంది. తక్కువుంటే డాక్టరు చెప్పినన్ని రోజులు ఐరన్ మాత్రలు వాడాలి. ఆకుకూర, పప్పు తిని వెంటనే టీ తాగితే ఐరన్ ఒంటికి సరిగ్గా పట్టదు. ఓ గంట ఆగండి. అన్నంలో నిమ్మకాయ పిండుకుంటే ఇంకా మంచిది.

2. కంటిచూపు

రైల్వేలో అసిస్టెంట్ లోకో పైలట్ కావాలంటే కళ్లద్దాలు లేకుండానే రెండు కళ్లూ 6/6 ఉండాలి. రంగులు సరిగ్గా గుర్తుపట్టాలి. లేసిక్ ఆపరేషన్ చేయించుకున్నవాళ్లను ఈ పోస్టుకు తీసుకోరు. అద్దాలు తీసేయించుకుంటే పనైపోతుందని డబ్బు ఖర్చుపెట్టే ముందు ఈ సంగతి గుర్తుంచుకోండి.

రంగుల లోపం ఎక్కువగా మగవాళ్లలో, పుట్టుకతోనే ఉంటుంది. పరీక్ష చేసేదాకా చాలామందికి తెలియదు. రెండేళ్లు కోచింగ్ తీసుకుని, రాతపరీక్ష పాసై, మెడికల్‌లో తెలుసుకోవడం కంటే ఇప్పుడే తెలుసుకోవడం మేలు కదా. అద్దాలున్నా ఫరవాలేదనే పోస్టులు రైల్వేలోనే బోలెడు ఉన్నాయి. ప్రిపరేషన్ అటు తిప్పుకోవచ్చు.

3. బరువు

అదే సర్వేలో తెలంగాణ మగవాళ్లలో అధిక బరువు ఉన్నవాళ్లు 32.3 శాతం. అంతకుముందు సర్వేలో అది 24.2 మాత్రమే. పొద్దంతా స్టడీ హాల్లో కుర్చీ, రాత్రి నూడుల్సో ఫ్రైడ్ రైసో. ఎక్కడ పెరుగుతుందో వేరే చెప్పాలా? బరువును (కిలోలు) ఎత్తుతో (మీటర్లు) రెండుసార్లు భాగిస్తే వచ్చేదే బీఎంఐ. 18.5 నుంచి 25 లోపు ఉండేలా చూసుకోండి.

4. పరుగు సమయం

పోలీసు ఉద్యోగానికి అబ్బాయిలు 1,600 మీటర్లను 7 నిమిషాల 15 సెకన్లలో పూర్తిచేయాలి. రైల్వే గ్రూప్-డీ అయితే 35 కిలోల బరువుతో 100 మీటర్లు 2 నిమిషాల్లో నడవాలి, వెయ్యి మీటర్లు 4 నిమిషాల 15 సెకన్లలో ఉరకాలి. అమ్మాయిలకు 20 కిలోలు, 5 నిమిషాల 40 సెకన్లు.

ఫోన్‌లో స్టాప్‌వాచ్ పెట్టుకుని ఈ వారమే ఒకసారి పరుగెత్తి చూడండి. వచ్చిన టైము రాసుకోండి. మన దగ్గర ఎండాకాలం ఎలా ఉంటుందో తెలుసుగా, ఏడు దాటితే గ్రౌండ్ వదిలేయండి. త్వరగా ఫలితం వస్తుందని జిమ్‌లో ఎవరో ఇచ్చే ఇంజెక్షన్ల జోలికి పోవద్దు.

అంకె కాదుగానీ...

ఈ నాలుగూ బాగున్నా ఒక్క ప్రమాదంతో అన్నీ తారుమారు కావచ్చు. 2022లో తెలంగాణ రోడ్లపై 7,559 మంది చనిపోయారు. ఆ ఏడాది దేశం మొత్తంలో హెల్మెట్ లేక పోయిన ప్రాణాలు 50,029. వాళ్లలో 14 వేల మందికి పైగా వెనక కూర్చున్నవాళ్లే. మందమర్రి, శ్రీరాంపూర్ నుంచి బైకు మీద కోచింగ్‌కు వచ్చేవాళ్లు ఇద్దరుంటే రెండు హెల్మెట్లు ఉండాలి. ప్రాణం దక్కినా, కాలు విరిగితే ఈవెంట్స్ తేదీ మనకోసం ఆగదు.

ప్రభుత్వ ఆసుపత్రిలో రక్తం, కళ్లు చూపించుకోవడానికి పైసా ఖర్చు లేదు. ఒక పూట చాలు. నాలుగు అంకెలూ నోట్‌బుక్ మొదటి పేజీలో రాసి, మూడు నెలల తర్వాత మళ్లీ చూసుకోండి. ఏదైనా తక్కువొచ్చిందా? కంగారు వద్దు. నోటిఫికేషన్ రాకముందే తెలిసింది కాబట్టి సరిచేసుకోవడానికో, దారి మార్చుకోవడానికో ఇంకా టైముంది.