చలి ముదిరితే శీతల యంత్రానికే చిక్కు

పుష్యమాసం తెల్లవారుజామున పాత ఆదిలాబాద్ జిల్లా పల్లెల్లో ఉష్ణోగ్రత 5 డిగ్రీలకు, కొన్నేళ్లలో అంతకన్నా దిగువకు జారుతుంది. కరీంనగర్ వైపు చలి కొంత తక్కువ. ఈ కాలంలో శీతల యంత్రాలకు విశ్రాంతేనని సరుకుదారులు అనుకోవడం సహజం. కాగా ఆరుబయట బిగించిన యంత్రాలు ఇలాంటి వేళల్లోనూ మొరాయిస్తాయి.

పాల వ్యాపారమే ఇందుకు నిదర్శనం. గేదె పాల రాబడి చలికాలంలోనే హెచ్చు. పితికిన పాలు సుమారు 35 డిగ్రీల వేడి మీద ఉంటాయి. వాటిని మూడు, నాలుగు గంటల్లో 4 డిగ్రీలకు దించాలి. యంత్రానికి పని పెరిగేదీ, చలి ముదిరేదీ ఒకే వేళ అన్నమాట. బయట మనుషులు చలిమంటలు కాగుతుంటే, లోపల పాలు వేడి తగ్గక పులిసే ప్రమాదం అప్పుడే.

కారణం ప్రెషర్. కండెన్సర్‌లో ద్రవంగా మారిన గ్యాసు ఆ ఒత్తిడి మీదే సన్నని వాల్వు దాటి లోపలి గొట్టాలకు చేరాలి. పాత ఆర్-22 యంత్రాల్లో మే నెల మధ్యాహ్నం గేజీ 300 పౌండ్ల దాకా చూపవచ్చు. జనవరి ఉదయం ఫ్యాను ఆగకుండా తిరిగితే అదే గేజీ 100 పౌండ్లకు పడిపోవచ్చు. తోసే బలం చాలక లోపలికి ద్రవం తగినంత అందదు. లో ప్రెషర్ స్విచ్ కంప్రెసర్‌ను ఆపివేస్తుంది. కెనడా వంటి శీతల దేశాల్లో బయట పెట్టే యంత్రాలకు ప్రెషర్‌ను నిలబెట్టే ఏర్పాటు తప్పనిసరి. ఇక్కడ 45 డిగ్రీల వేసవిని తట్టుకునేలా పెద్ద కండెన్సర్ ఎంచుకుంటారు. వేసవిలో కాపాడే ఆ పెద్దతనమే చలిలో చేటు తెస్తుంది.

అయితే అసలు నష్టం మరమ్మతులో దాగి ఉంది. ఉదయాన్నే వచ్చిన మెకానిక్ గేజీ చూసి గ్యాసు తక్కువైందని నింపుతాడు. ఆ పూటకు యంత్రం నడుస్తుంది, వర్తకుడు ఊపిరి పీల్చుకుంటాడు. అదనంగా పోసిన గ్యాసు ఎండలు ముదిరాక కండెన్సర్‌లో చోటు ఆక్రమించి ప్రెషర్‌ను మితిమీరి పెంచుతుంది. మిరప, చింతపండు బస్తాలతో గది నిండిన వేళకు కంప్రెసర్ పదేపదే ఆగుతుంది, కొన్నిసార్లు కాలిపోతుంది. జనవరిలో గ్యాసు బిల్లు, మేలో కంప్రెసర్ బిల్లు! ఈ రెంటికీ సంబంధం ఉందని సాధారణంగా ఎవరికీ తోచదు. లీకు చూపించనిదే గ్యాసు నింపనివ్వకపోవడం, ఎండ వచ్చాక మళ్లీ గేజీ చూడమనడం సరుకుదారు చేతిలోని పని.

ప్రెషర్‌ను బట్టి ఫ్యానును ఆపి, తిప్పే స్విచ్ పెడితే చిన్న యంత్రాలకు చాలావరకు సరిపోతుంది. దాని ఖర్చు కంప్రెసర్ ఖరీదు ముందు లెక్కలోనిది కాదు. కండెన్సర్‌కు గోనెపట్టా కప్పడం మాత్రం గండమే. మధ్యాహ్నం ఎండకు తీయడం మరచిపోతే చలి తెచ్చిన దానికన్నా పెద్ద నష్టం జరుగుతుంది.

పోతే, అమోనియాతో నడిచే పెద్ద గిడ్డంగుల లెక్క వేరు. అక్కడ వాల్వులకు చాలినంత ప్రెషర్ ఉన్నంతవరకు చలి లాభమే. కండెన్సర్‌లో గ్యాసు ద్రవమయ్యే ఉష్ణోగ్రత ఒక్కో డిగ్రీ తగ్గితే కరెంటు సుమారు రెండు, మూడు శాతం ఆదా అవుతుంది.

సరుకు ఖాళీ అయ్యాక మెయిన్ తీసివేసే గదుల విషయంలో మరో జాగ్రత్త అవసరం. రాత్రి చలికి గ్యాసు వచ్చి కంప్రెసర్ అడుగున నూనెలో కలిసిపోతుంది. ఉదయం ఒక్కసారిగా స్విచ్ వేస్తే నూనె నురగై బేరింగులకు అందదు, లోపలి వాల్వు పలకలు విరుగుతాయి. అడుగున ఉండే హీటరు తినేది మామూలు బల్బంత కరెంటే. కొత్త మిరప బస్తాలు దిగే ముందురోజే మెయిన్ వేసి, ఆ హీటరును రాత్రంతా వెలిగించి ఉంచాలి. మర్నాడు కంప్రెసర్ అడుగుభాగం చేతికి వెచ్చగా తగిలితేనే మోటారు స్విచ్ వేయాలి.