కంప్యూటరు తెర మసకబారిన సంఘములు చేయవలసిన పని

సంఘపు లెక్కలు సభ్యుని కంటికి స్పష్టముగా కనబడుట సహకారమునకు పునాది. పూర్వము ఖాతాపుస్తకము తెరచి చూపిన చాలును. నేడా ఖాతాలు కంప్యూటరులోనికి చేరుచున్నవి. 63,000 ప్రాథమిక వ్యవసాయ సహకార సంఘములను కంప్యూటరీకరించుటకై 2022 జూన్ 29వ తేదీన కేంద్ర ప్రభుత్వమువారు 2,516 కోట్ల రూపాయల పథకము నామోదించిరి. కావున కంప్యూటరుకు వచ్చు చిక్కులను గూర్చి గుమాస్తాలే గాక సభ్యులును కొంత యెరిగియుండుట మేలు.

మైక్రోసాఫ్టువారు విండోస్ 10 నకు సాధారణ సంరక్షణమును 2025 అక్టోబరు 14వ తేదీతో ముగించిరి. అందుచే పెక్కు కార్యాలయములు విండోస్ 11 నకు మారినవి. ఇట్లు మారినపిదప కొన్ని కంప్యూటరులలో అక్షరములు లావై, మసకబారి, ఖాతాపుటలో కొంతభాగము తెరకు వెలుపలికి పోవును. అసలు కనబడును, వడ్డీ కనబడదు. అప్పుడు తెర చెడినదని తలచి క్రొత్తది కొనుటకు తొందరపడుట కలదు. సంఘపు సొమ్ము నట్లు వ్యయము చేయవలదని మా మనవి. ఇట్టి సమయమున తరచుగా దోషము తెరయందుండదు.

తెర యనగా సన్నని చుక్కల మడి. అడ్డముగా 1920, నిలువుగా 1080 చుక్కలుగల తెరలో మొత్తము 20,73,600 చుక్కలుండును. అదే తెరపై 1024, 768 కొలతతో బొమ్మ వచ్చినచో 7,86,432 చుక్కల వివరమే యుండును. అనగా నూటికి 38 వంతులు మాత్రమే. మడి యదియే, నాటిన నారు పలుచన.

ఈ చుక్కలను నడిపించు కార్యక్రమమునకు డ్రైవరని పేరు. ఇది విండోస్‌కును చిత్రములు పుట్టించు పరికరమునకును నడుమ దుబాసీ వంటిది. క్రొత్త విండోస్‌తో పాత డ్రైవరు పొసగనపుడు, 'మైక్రోసాఫ్ట్ బేసిక్ డిస్‌ప్లే అడాప్టర్' అను తాత్కాలికపు డ్రైవరు పనిలోనికి వచ్చును. అది ఊరికి క్రొత్తగా వచ్చిన కూలివాని వలె ఏదో విధముగా నీరు పారించునే గాని, ఏ మడికెంత కావలెనో యెరుగదు.

చేయవలసిన పని వరుసగా వ్రాయుచున్నాము.

1. మొదట ఖాతాల నకలు వేరొకచోట భద్రపరచవలెను. పిదప తెర తీగ రెండు కొనలును బిగువుగా నున్నవో లేవో చూడవలెను. తీగ చెడినచో తెర తన కొలతను కంప్యూటరుకు తెలుపజాలదు.

2. డిస్‌ప్లే సెట్టింగ్స్‌లో 'డిస్‌ప్లే రిజల్యూషన్' తెరచి, 'రికమెండెడ్' అని యున్న కొలత నెన్నుకొనవలెను. అక్షరములు లావై యుండియు స్పష్టముగా నున్నచో, దాని పైనున్న 'స్కేల్' తగ్గించిన చాలును.

3. తగిన కొలత దొరకనిచో, స్టార్ట్ గుర్తుపై మౌసు కుడి మీట నొక్కి 'డివైస్ మేనేజర్' తెరువవలెను. అందు 'డిస్‌ప్లే అడాప్టర్స్' క్రింద పైనచెప్పిన తాత్కాలికపు పేరున్నచో దోషము తెలిసినట్లే.

4. అపుడు విండోస్ అప్‌డేట్‌లోని 'అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్', అందు 'ఆప్షనల్ అప్‌డేట్స్' చూచి, డిస్‌ప్లే డ్రైవరున్న స్థాపించి, యంత్రమును తిరిగి ప్రారంభింపవలెను. లేనిచో యంత్రముపై నున్న మోడలు పేరు ననుసరించి, దానిని తయారుచేసినవారి సొంత వెబ్‌సైటునుండియే తెచ్చుకొనవలెను.

5. పాత యంత్రమునకు క్రొత్త డ్రైవరే లేకున్న, 'రికవరీ'లోని 'గో బ్యాక్' ద్వారా పూర్వపు విండోస్‌నకు మరలవచ్చును. ఈ వీలు సాధారణముగా పది దినములు మాత్రమే యుండును.

ఫోనులో పిలిచి బాగుచేసెదమను అపరిచితులకు కంప్యూటరు నప్పగింపరాదు. అందున్నవి మన రైతుల ఖాతాలు.

పంటరుణములు పంచు దినములలో విండోస్ మార్చుట తగదు. తెర చక్కబడువరకు, వరుస పూర్తిగా కనబడని ఖాతాలో అంకె లెక్కింపరాదు. సగము చూచి వ్రాసిన యంకె రైతు మెడకు చుట్టుకొనును. సభ్యులును తమ పద్దు కొననుండి కొనవరకు చూపుమని యడుగవలెను. అది వారి హక్కు.