నిద్రలో గడచిన దారి

సింగపూరులో చదువుకొను విద్యార్థికి వారాంతమున రెండు దినముల విరామము చిక్కినచో మనస్సు ఉత్తర దిక్కునకు మళ్ళును. ఆ ద్వీపమున ఏడాది పొడవునా ఒకటే ఉక్క. అన్నిటికంటె ఎత్తయిన బుకిత్ తిమా గుట్ట 164 మీటర్లకు మించదు. శుక్రవారము రాత్రి బస్సెక్కినచో తెల్లవారుసరికి పొరుగు దేశమైన మలేషియా రాజధాని కౌలాలంపూరు. ఆ నగరమును ఒక పూట చూచి మరల బస్సెక్కినచో సాయంకాలమునకు చల్లని కామెరన్ కొండలు. ఆదివారము అర్ధరాత్రికి తిరిగి తన గది. మన తెలుగు విద్యార్థులును ఇట్లే పోయి వచ్చుచుందురు. ఖర్చు తక్కువ, కాలము కలసివచ్చును. అయితే ఈ ఏర్పాటులో ఒక పెద్ద నష్టము కలదు. మన పూర్వులు ఏ సీమలో చెమటోడ్చిరో ఆ సీమ యంతయు విద్యార్థి నిద్రలో గడచిపోవును.

రెండు దేశముల నడుమ నున్నది సన్నని జలసంధి. దానిపై 1924లో పూర్తియైన రాతికట్ట ఒక కిలోమీటరు పైచిలుకు పొడవు. 1965 ఆగస్టు 9న సింగపూరు మలేషియానుండి వేరుపడినది. నేడు ప్రయాణికుడు ఆ కాస్త దూరమునకే సంచితోసహా రెండుమారులు బస్సు దిగి, రెండు దేశముల అధికారులకు పాస్‌పోర్టు చూపవలెను. అది ముగిసినంతనే అందరును మరల కన్నులు మూసుకొందురు.

కట్ట దాటిన పిమ్మట కౌలాలంపూరు వరకు సుమారు 350 కిలోమీటర్ల బాట. పగలు పోవువానికి ఇరుప్రక్కల పామాయిలు తోటలు కనబడుచునే యుండును. గోదావరి సీమవారికి అవి నేడు క్రొత్తవి కావు. వానిలో అనేకము ఒకప్పటి రబ్బరు తోటలు. 1877లో బ్రెజిలు దేశపు జాతి రబ్బరు మొక్కలు 22 లండను నగరపు క్యూ తోటనుండి సింగపూరు ఉద్యానవనమునకు వచ్చినవి. నేడు విద్యార్థులు సాయంకాలము షికారు పోవు తోట అదియే! 1888లో దానికి అధిపతియైన హెన్రీ రిడ్లీ, చెట్టు చావకుండ బెరడు చెక్కి మరల మరల పాలు తీయు విధమును రూపొందించెను. మోటారు బండ్లు ప్రబలినకొలది రబ్బరుకు గిరాకి హెచ్చినది. అడవి నరికి తోట వేయుటకు చేతులు కావలసివచ్చినవి. ఆ చేతులు చాలవరకు మదరాసు రాజధాని నుండి వచ్చినవి. వచ్చినవారిలో అత్యధికులు తమిళులు. వారితోపాటు ఉత్తర సర్కారులనుండి, విశాఖపట్టణము, గోదావరి ప్రాంతములనుండి తెలుగు కుటుంబములును ఓడ లెక్కినవి. కంగాణి యనువాడు తోటనుండి స్వగ్రామమునకు వచ్చి, బంధువులను, ఇరుగుపొరుగువారిని కూర్చుకొని పోయెడివాడు. ఇట్లు కూలీలను పంపుటను భారత ప్రభుత్వము 1938లో నిషేధించినది.

కౌలాలంపూరు పుట్టుకయు కూలివాని కథయే. ఆ పేరునకు బురద సంగమమని అర్థము. 1857లో తగరపు గనులకై వచ్చిన 87 మంది చీనా పనివారిలో నెల తిరుగునప్పటికి 18 మందియే మిగిలిరనియు, తక్కినవారిని మలేరియా మొదలగు వ్యాధులు పొట్టనబెట్టుకొన్నవనియు చెప్పుదురు. క్లాంగు, గొంబాకు నదులు కలియు చోట 1909 నాటి జామెక్ మసీదు నేటికిని నిలిచియున్నది. 88 అంతస్తుల జంట గోపురములను గూర్చి వేరుగ చెప్పనక్కరలేదు. 452 మీటర్ల ఎత్తుగలవి తమ్ము తామే చూపుకొనును. నగరమునకు ఉత్తరమున బతు గుహలలో 272 మెట్లపైన కుమారస్వామి కోవెల యున్నది. 1975లో హైదరాబాదున మొదటి ప్రపంచ తెలుగు మహాసభలు జరుగగా, రెండవ మహాసభలు 1981లో ఈ నగరముననే జరిగినవి.

తపా అను ఊరికడ బాట కొండ నెక్కును. తానా రాతా చేరుటకు సుమారు 60 కిలోమీటర్లు, మలుపులకు లెక్కలేదు. ఈ కొండలను 1885లో విలియం కామెరన్ అను సర్వేయరు పటమున చేర్చబూనెను గనుక అతని పేరు నిలిచినది. అంతకు ఎంతో ముందునుండి ఇచ్చట కాపురమున్న సెమాయి జాతివారి పేరు మాత్రము ఏ కొండకును పెట్టలేదు. బ్రించాంగు శిఖరము 2,000 మీటర్లు దాటును. మంచులో తడిసిన అచ్చటి నాచు అడవియు, పురుగులను పట్టు నెపంథిస్ మొక్కలును వృక్షశాస్త్ర విద్యార్థికి ఒక దినమంతటికి చాలును.

1929లో జె. ఎ. రస్సెల్ అను నతడు ఇచ్చట తేయాకు తోట నెలకొల్పెను. తేయాకు మొక్కను విడిచిపెట్టినచో చెట్టగును. లేత చిగురు చేతి కందవలెనని నడుమెత్తున కత్తిరించుచుందురు. దూరమునుండి చూచిన అది పచ్చని తివాసి. దగ్గరకు పోయిన వరుసల నడుమ ఒక్క మనిషి పట్టునంత సందు. ఆ వాలులో, బుట్ట వీపున వ్రేలాడుచుండ, ఆ సందులలో తరములు గడపినవారు ప్రధానముగ తమిళులు. నేడు పనివారిలో బంగ్లాదేశమునుండి, నేపాలమునుండి, ఇండోనేషియానుండి వచ్చినవారు పెక్కురు. గిల్లు వ్రేళ్ళ స్థానమున పెద్ద కత్తెరలును యంత్రములును వచ్చినవి. విద్యార్థి వరండాలో కూర్చుండి వేడి తేనీరు త్రాగి, ఫోటో తీసికొని, బస్సు వేళయైనదని లేచును.

బస్సు తపా కడకు దిగి దక్షిణమునకు మళ్ళును. అచ్చట పడమరకు మళ్ళినచో తెలుక్ ఇంతాన్ మీదుగ పెరాక్ నది సముద్రమున కలియు బగాన్ దతుక్ చేరవచ్చును. కొబ్బరితోటల సీమ, తెలుగు కుటుంబములు తరతరములుగ నిలిచిన తావు. ఆ తోటలలో ఒకప్పుడు తెలుగు బడులు నడచినవి. అవి మూతపడినవి, పిల్లలు ఇతర భాషల బడులకు పోయిరి. ఇంటి భాష ఇంటిలోనైన నిలుపుకొనవలెనని 1955లో ఏర్పడిన ఆంధ్ర సంఘము, నేటి మలేషియా తెలుగు సంఘము, తెలుగు తరగతులు నడుపుచు వచ్చినది. ఉపాధ్యాయునికి, ఉపాధ్యాయుడు కాగోరు విద్యార్థికి జంట గోపురములకంటె ఆ తరగతులలో చూడదగినది ఎక్కువ కలదు.

దీనికి రెండు దినములు చాలవు. చీనా సంవత్సరాదికి సింగపూరున రెండు దినములు సెలవు. శని ఆదివారములు ప్రక్కన పడిన సంవత్సరమున నాలుగు దినములగును. అప్పుడు పగటి బస్సెక్కి, కిటికీ ప్రక్కన కూర్చుండి పోవచ్చును. రాతికట్టపై రద్దీని మాత్రము ఆ దినములలో సహింపవలసినదే.