ఆడే కళ్లు - దాగిన కణితి



నిన్నటిదాకా చక్కగా నడిచిన ఏడాదిన్నర పాప ఉన్నట్టుండి తూలి పడుతుంది. కాళ్లూ చేతులూ అదురుతాయి. కనుగుడ్లు ఒకచోట నిలవక పైకీ కిందికీ, పక్కలకీ గబగబా ఎగిరిపడతాయి. నిద్ర ఉండదు, ఒకటే చిరాకు. పెద్దవాళ్లు దిష్టి అంటారు. జ్వరం తరువాత వచ్చే నడక తడబాటేనని వైద్యులు కూడా మొదట అనుకోవచ్చు. కానీ దీనికి మూలం తలలో కాక కడుపులోనో, ఛాతీలోనో ఉండవచ్చు!

ఈ జబ్బు పేరు ఆప్సోక్లోనస్ మయోక్లోనస్. 1962లో కిన్స్‌బోర్న్ అనే వైద్యుడు ఆరుగురు పసివాళ్లలో దీన్ని గుర్తించి వివరించారు. ఇది చాలా అరుదు. ఎక్కువగా ఆరు నెలల నుంచి మూడేళ్ల లోపు పిల్లలకు వస్తుంది. వచ్చినవారిలో దాదాపు సగం మందికి న్యూరోబ్లాస్టోమా అనే కణితి బయటపడుతుంది.

ఎక్కడో ఉన్న కణితికి కళ్లు ఎందుకు ఆడాలి? ఈ కణితి నరాల జాతి కణాల నుంచి పుడుతుంది. దానిమీద యుద్ధానికి దిగిన శరీర రక్షణశక్తి, పోలిక చూసి మోసపోయి, చిన్నమెదడును కూడా దెబ్బతీస్తుందని వైద్యుల అభిప్రాయం.

అందుకే తల స్కాన్ బాగుందనగానే నిశ్చింతగా ఉండకూడదు. ఈ కణితి మూత్రపిండం మీది అడ్రినల్ గ్రంథిలోనో, వెన్నెముక పక్కనో చిన్నదిగా దాగి ఉంటుంది. ఎక్స్‌రేకు, అల్ట్రాసౌండ్‌కు దొరక్కపోవచ్చు. మూత్ర పరీక్ష కూడా మామూలుగానే రావచ్చు. కాబట్టి మెడ నుంచి కటి భాగం దాకా ఎం.ఆర్.ఐ. గాని, సి.టి. గాని తీయాలి. ఎం.ఆర్.ఐ.లో ఎక్స్‌కిరణాలు ఉండవు. కాకపోతే పాప కదలకుండా మత్తు ఇవ్వవలసి వస్తుంది. ఈ కణితి కణాలు పీల్చుకునే రేడియోధార్మిక మందు ఎక్కించి తీసే ఎం.ఐ.బి.జి. స్కాన్ కూడా ఉంది. మొదటిసారి ఏమీ కనిపించకపోతే, కొన్ని నెలల తరువాత మళ్లీ తీయించమని వైద్యులు చెప్పవచ్చు. అది వృథా ఖర్చు కాదు.

ఇలాంటి పిల్లల్లో కణితి సాధారణంగా ముదిరి ఉండదు. శస్త్రచికిత్సతో చాలామందికి నయమవుతుంది. అయితే మెదడుకు తగిలిన దెబ్బ అంత తేలిగ్గా మానదు. మాట, చదువు, నడవడిక వెనకబడవచ్చు. అందువల్ల రక్షణశక్తిని అదుపుచేసే స్టిరాయిడ్లు, ఇమ్యునోగ్లోబులిన్ వంటి మందులు త్వరగా మొదలుపెట్టాలి.

తల్లులారా! కళ్లు అదిరేటప్పుడు వీడియో తీసి పిల్లల నరాల వైద్యుడికి చూపండి. తాయెత్తు కడితే కట్టండి గాని, ఆస్పత్రికి మాత్రం ఆలస్యం చేయకండి.