కుండ చల్లబడే పద్ధతి, కోపం చల్లబడే పద్ధతి

మే నెల ఎండలు ఎలా ఉన్నాయో నేను చెప్పక్కర్లేదు. ఈ ఎపిసోడ్‌లో రెండు విషయాలు మాట్లాడుకుందాం. ఒకటి, కరెంటు లేకుండా కూరగాయలు చల్లగా ఉంచే చిన్న ప్రాజెక్ట్. రెండోది, ఎండాకాలం సెలవుల్లో చాలామందికి ఎదురయ్యేదే. పెళ్లికో, ఊరికో వెళ్తాం. రెండేళ్లుగా మాటల్లేని బంధువు సరిగ్గా మన ఎదురు బంతిలో కూర్చుంటాడు. అన్నం దిగదు. ఆ కోపాన్ని ఏం చేయాలి? ఈ రెండూ ఒకే ఎపిసోడ్‌లో ఎందుకంటారా, చెప్తా.

ముందు కుండ. మట్టి కుండకి కంటికి కనిపించని సన్నని రంధ్రాలుంటాయి. వాటిలోంచి నీళ్లు బయటికి చెమరుస్తాయి, గాలికి ఆవిరవుతాయి. ఆవిరవ్వడానికి వేడి కావాలి కదా, ఆ వేడిని కుండలోంచే లాక్కుంటాయి. లెక్క చూడండి: ఒక గ్రాము నీరు ఆవిరవ్వడానికి దాదాపు 2,400 జౌళ్ల వేడి కావాలి. అదే ఒక గ్రాము నీటిని ఒక డిగ్రీ చల్లబరచాలంటే తీయాల్సింది 4.2 జౌళ్లే. అంటే ఒక్క గ్రాము ఆవిరైతే, అర కిలోకి పైగా నీటిని ఒక డిగ్రీ చల్లబరచగలదన్నమాట. బయటి నుంచి కుండలోకి వేడి వస్తూనే ఉంటుంది కాబట్టి పూర్తి లాభం దక్కదు. అయినా ఇది మామూలు శక్తి కాదు.

దీన్ని కూరగాయలకి వాడుకునే పద్ధతిని నైజీరియాలో మొహమ్మద్ బా అబ్బా అనే టీచర్ 1990ల్లో బాగా ప్రచారంలోకి తెచ్చారు. దానికి 2000లో ఆయనకి రోలెక్స్ అవార్డు కూడా వచ్చింది. చేయడం చాలా సులువు. ఒక పెద్ద మట్టి కుండ, అందులో పట్టే చిన్న కుండ తీసుకోండి. పెద్ద కుండ అడుగున ఇసుక పోసి, చిన్నది లోపల పెట్టి, రెండింటి మధ్య ఖాళీ కూడా ఇసుకతో నింపండి. ఇసుక తడిసేలా పొద్దున, సాయంత్రం నీళ్లు పోయండి. పైన తడిగుడ్డ కప్పండి. నీడలో, గాలి తగిలే చోట పెట్టండి. టమాటాలు, వంకాయలు, ఆకుకూరలు బయట పెట్టినదానికంటే ఎక్కువ రోజులు నిలుస్తాయి. పాలు, మాంసం మాత్రం పెట్టొద్దు, ఇది ఫ్రిజ్ కాదు.

రెండు జాగ్రత్తలు. కుండకి పెయింట్ వేయించొద్దు. రంగేస్తే అందంగానే ఉంటుంది, కానీ రంధ్రాలు మూసుకుపోతాయి, ఇక చల్లబడదు. రెండోది, గాలి పొడిగా ఉండాలి. అనంతపురంలోనో హైదరాబాద్‌లోనో పనిచేసినంత బాగా విశాఖలో పనిచేయదు. అక్కడ గాలిలో ముందే తేమ ఉంటుంది, నీళ్లు త్వరగా ఆవిరవ్వవు. మన ఒంటి చెమట ఆరక ఉక్కపోసేదీ అందుకే.

ఇప్పుడు కోపం దగ్గరికొద్దాం. తెలుగులో ఒక తమాషా గమనించారా? పగ ఉంటే "మనసులో పెట్టుకున్నాడు" అంటాం. తప్పు క్షమించి దగ్గరికి తీసుకుంటే "కడుపులో పెట్టుకున్నాడు" అంటాం. రెండుసార్లూ పెట్టుకోవడమే, కానీ మొదటిది మనల్నే కాలుస్తుంది.

ఇది మాట వరసకి అనట్లేదు. అమెరికాలో షార్లట్ విట్‌వ్లియట్, ఆమె బృందం 71 మంది కాలేజీ స్టూడెంట్స్‌తో చేసిన ఒక ప్రయోగాన్ని 2001లో ప్రచురించారు. తమని బాధపెట్టిన మనిషిని గుర్తుచేసుకుని, కాసేపు పగ పెట్టుకున్నట్టు, కాసేపు క్షమించినట్టు ఊహించుకోమన్నారు. పగ ఊహించుకున్నప్పుడు గుండె వేగం, బీపీ ఎక్కువ పెరిగాయి. ఎదుటి మనిషి ఆ గదిలో లేడు. ఉన్నది ఆలోచన ఒక్కటే.

నా సంగతే చెప్తా. మొదటి ఉద్యోగంలో నేను రెండు నెలలు కూర్చుని రాసిన మాడ్యూల్‌ని ఒక సీనియర్ తన పని అని మీటింగ్‌లో చూపించుకున్నాడు. మూడేళ్లు గడిచాయి. ఆయన ప్రమోషన్ పోస్ట్ ఫోన్‌లో కనిపిస్తే ఆ రాత్రి నాకు నిద్ర లేదు. "పోనీ లేరా" అని ఫ్రెండ్స్ అన్నారు. నేనూ నవ్వి "వదిలేశా" అనేవాణ్ణి. అది కుండకి పెయింట్ వేయడం. పైకి బానే ఉంటుంది, లోపలి వేడి లోపలే.

నాకు పనికొచ్చింది రాయడం. జేమ్స్ పెనెబేకర్ అనే సైకాలజిస్ట్ 1986లో ప్రచురించిన పద్ధతి ఇది: వరసగా 4 రోజులు, రోజుకి 15 నిమిషాలు, మనసుని కలచిన విషయం గురించి ఆపకుండా రాయడం. స్పెల్లింగ్, గ్రామర్ చూసుకోనక్కర్లేదు. ఎవరికీ చూపించనక్కర్లేదు. రాసిన వెంటనే కాస్త బాధ పెరగొచ్చు, అది మామూలే. తర్వాత జరిగిన పరిశోధనల్లో ఫలితం అందరికీ ఒకేలా రాలేదు, కాబట్టి దీన్ని మంత్రం అనుకోవద్దు.

నేను మొదటి రెండు రోజులు తిట్లే రాశా. మూడో రోజు తెలిసింది, నన్ను ఎక్కువ కోసింది ఆ సీనియర్ కాదు, అంతా తెలిసి మౌనంగా ఉన్న మేనేజర్ అని. నాలుగో రోజు ఒక్క వాక్యం మిగిలింది: "ఇది నీ పనే అని ఎవరో ఒకరు అంటే చాలు." ఆ మాట అక్కడి నుంచి ఇక రాదు. రాదని కాగితం మీద చూశాక, ఎదురుచూడటం ఆగింది.

ఒక్కటి స్పష్టంగా చెప్పాలి. కోపం వదలడం వేరు, మళ్లీ కలిసిపోవడం వేరు. ఆయనతో మళ్లీ పనిచేయమంటే ఇప్పటికీ చేయను. మీకు రావాల్సిన డబ్బుంటే అడగండి. ఎవరైనా కొట్టినా, వేధించినా ఫిర్యాదు చేయండి, దూరంగా ఉండండి. వదలాల్సింది మన హక్కుని కాదు, రాత్రి రెండింటికి మన తలలో నడిచే వాదనని.

ఇంకో మాట. కుండకి గాలి కావాలన్నాను కదా. రోజూ పాత గొడవనే ఎగదోసే వాట్సాప్ గ్రూప్‌లో కూర్చుని కోపం చల్లారాలంటే కష్టం. ఈ నాలుగు రోజులైనా దాన్ని మ్యూట్‌లో పెట్టండి.

కాబట్టి ఈ వారం రెండు పనులు. బజార్లో రంగు లేని కుండలు రెండు కొనండి. ఒక పాత నోట్‌బుక్ తీయండి. పొద్దున కుండకి నీళ్లు, రాత్రి 15 నిమిషాలు రాత. నాలుగు రోజుల తర్వాత టమాటాలు ఎలాగూ చూసుకుంటారు, ఆ మనిషి పేరు తలుచుకున్నప్పుడు ఒంట్లో ఏమవుతోందో కూడా ఒకసారి చూసుకోండి. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. ఎండలో జాగ్రత్త, మంచినీళ్లు తాగండి.